శాటిలైటుగారి విజిట్

ఉద్యోగంలో కొత్తగా చేరిన మనిషికి, తాను చదివిన చదువు కోసమే లోకం ఇన్నాళ్లూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నదని ఒక నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకు ఆ నమ్మకం మరీ ముదిరి ఉండేది. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లో పుట్టి, సైరను కూతకు లేచి, సైరను కూతకు అన్నం తిని పెరిగినదాన్ని. హైదరాబాదు వెళ్లి, ఉపగ్రహాలతో నీటిమట్టం కొలిచే విద్య నేర్చుకుని, అదే పని చేసే ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించాను. మా బాపు సర్వీసంతా భూమి లోపలికి దిగి బొగ్గు తవ్విన మనిషి. "నేను భూమి లోపట చూసిన, నా బిడ్డ మొగులు మీదికెల్లి చూస్తాంది" అని ఆయన టీ కొట్టు దగ్గర చెప్పుకుంటుంటే, నేను పక్కనే నిలబడి, వినబడనట్టు మొహం పెట్టి, ఒక్క మాట కూడా పోనీయకుండా వినేదాన్ని. (ఒకసారి ఆయన చెప్పడం మరిచిపోతే నేనే దగ్గి గుర్తు చేశాను.)

ఆ విద్య గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతా కథ సాగదు. ఉపగ్రహం పైనుంచి కిందికి ఒక రాడార్ తరంగాన్ని వదులుతుంది. అది నీటిని తాకి తిరిగి పైకి వెళుతుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, నీరు ఎంత దూరంలో ఉందో లెక్క కడతారు. చేదబావిలోకి కేకేసి, ఆ కేక తిరిగి వచ్చేదాన్ని బట్టి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఊహించడం లాంటిదే. సముద్రాల కోసం పుట్టిన పద్ధతి ఇది. సముద్రం మీద దీనికి తిరుగులేదు. తీరం దగ్గరికొచ్చినా, నదుల మీదికి, చెరువుల మీదికి వచ్చినా కాస్త తడబడుతుంది. అక్కడ నీళ్లతోపాటు గట్లు, గుట్టలు, చెట్లు, ఇళ్లు అన్నీ తలా ఒక జవాబు చెబుతాయి. ఆ గోలలోంచి నీటి గొంతును వేరు చేయడమే నా ఉద్యోగం. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇది ఫోటో తీయదు. ఈ ఒక్క మాటను ఆ ఏడాది నేను చెప్పినన్నిసార్లు నా పేరు కూడా చెప్పుకోలేదు.

మా మేనత్త ఇల్లు పాత క్వారీ వెనకాల పల్లెలో. క్వారీ అంటే బొగ్గంతా తీసేసుకుని కంపెనీ వదిలేసిన ఓపెన్ కాస్టు గొయ్యి. చుట్టూ తవ్విపోసిన మట్టి గుట్టలు, మధ్యలో ఏటేటా వానలకు నిండుతూ వచ్చిన నీళ్లు. అది నిండినకొద్దీ అత్త ఇంట్లో జాలు మొదలైంది. నేల చెమర్చడంతో మొదలై, గచ్చు మీద నీళ్లు తేలేదాకా వచ్చింది. అత్త మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. ప్రతి వానాకాలానికీ ఇంకో వరస పెట్టుకుంటూ పోయింది. (చివరికి మంచం ఎక్కడానికి పీట వేసుకునేది.) అసలు భయం మంచానిది కాదు, తూర్పు గోడది. అది మట్టి గోడ. మోకాలెత్తు దాకా తడిసి మెత్తబడింది. ఇంకొక వానాకాలం ఇట్లాగే జాలు పడితే గోడ కూలుతుందనీ, గోడ కూలితే దూలం నిలవదనీ మేస్త్రీ చెప్పి వెళ్లాడు. "ఇల్లు ఖాళీ చెయ్యిమంటాన్రు. యాడికి పోవాలె? నేను గీ ఇంట్లకే వచ్చిన, గీ ఇంట్లనే ఉంట" అని అత్త మొండికేసింది.

క్వారీ నీళ్లు ఊరికన్నా ఎత్తున ఉన్నాయి, అందుకే జాలు పడుతున్నదని ఊరివాళ్లు. క్వారీ నీళ్లు ఊరికన్నా కిందే ఉన్నాయి, జాలుకీ మాకూ సంబంధం లేదని కంపెనీవాళ్లు. ఒక సర్వేయరు యంత్రం బిగించి పూటలో తేల్చే పంచాయితీ ఇది. అయితే కంపెనీ సర్వేయరు కొలిస్తే ఊరివాళ్లు నమ్మరు, ఊరివాళ్లు తెచ్చిన సర్వేయరు కొలిస్తే కంపెనీ నమ్మదు. ఆకాశంలో తిరిగేదానికి ఇక్కడ ఎవరితోనూ చుట్టరికం లేదు కాబట్టి దానితో కొలిపించాలని పైవాళ్లు తీర్మానించారు. మా ఉపగ్రహం దారి సరిగ్గా ఆ క్వారీ మీదుగానే పోతుంది. నెల తిరక్కుండానే మళ్లీ అదే దారిన వస్తుంది. అట్లా ఆ పని మా ఆఫీసుకు, మా ఆఫీసు నుంచి నాకు వచ్చింది. అక్కడ మా అత్త ఉందని మొదటి రోజే మా పెద్దసారుకు చెప్పాను. "ఉపగ్రహానికి తెలియదు కదా" అని ఆయన సంతకం పెట్టేశారు.

పాత క్వారీ చూసుకునే ఆఫీసరును అందరూ విజిట్ సారు అనేవాళ్లు. కోస్తా నుంచి కుర్రవాడిగా వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. మా బొగ్గు ప్రాంతంలో విజిట్ అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలి. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడంటే దారి పొడుగునా రాళ్లకు సున్నం వేస్తారు, సున్నం మీద జాజు రంగు పట్టీలు వేస్తారు, గెస్ట్ హౌస్ పూలకుండీలు రాత్రికి రాత్రి గని ముందుకు నడిచి వస్తాయి. ఆ అధికారి కారు దిగి, సున్నం వేసిన రాళ్లను చూసి, గని బాగుందని చెప్పి వెళ్లిపోతాడు. ఈ కళలో విజిట్ సారును మించినవాడు లేడు. ఉపగ్రహం వస్తున్నదని కాగితం చేరగానే ఆయన నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ శాటిలైటుగారు ఎన్నింటికి వస్తారండీ?"

"పొద్దున పది గంటల ప్రాంతంలో సార్."

"ఏ గేటు నుంచి వస్తారు?"

"గేటు ఉండదు సార్. ఆకాశం మీదుగా వెళ్లిపోతుంది."

"వెళ్లేది ఆకాశం మీదే అనుకోండి, మన క్వారీ దగ్గర ఎంతసేపు ఉంటారు?"

"కన్ను మూసి తెరిచేంత కూడా ఉండదు సార్."

అంత తక్కువసేపుండే వీఐపీ ఆయన సర్వీసులో తగిలినట్టు లేదు. "ఆ కాసేపట్లోనే అన్నీ చూసేసుకుంటారన్నమాట. మరీ స్ట్రిక్టు లాగున్నారు" అన్నాడు దిగులుగా. ఫోటో తీయదని, చూడదని, కేవలం కేకేసి వింటుందని నేను ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, "సరేనమ్మా, శబ్దం లేకుండా చూస్తాను" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ వారమే మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే అత్త కొడుకే. అదే క్వారీ గట్టు మీద పంపు ఆపరేటరు. అక్కడ ఒక పాత పంపు ఉన్నది గాని, దాన్ని నడిపినది ఎవరికీ గుర్తులేదు. ఊరివాళ్లు నీళ్లు తోడమని ఎన్ని దరఖాస్తులు పెట్టినా, పంపు ఖరాబైందనో, కరెంటు లేదనో, మంజూరు రాలేదనో కారణం సిద్ధంగా ఉండేది. పంపు పక్కన కూర్చుని దాన్ని నడపకుండా చూసుకోవడమే బావ డ్యూటీ.

"మరదలా, నువ్వేం జేసినవో గని, సారు పంపు రిపేరు చేయించిండు. ఇంకో రెండు కొత్త పంపులు దింపిండు. మూడు షిఫ్టులు నడుపుమన్నడు. నీళ్లన్ని తోడి వాగుల పొయ్యాలెనట" అన్నాడు.

"ఎందుకట?"

"శాటిలైటు వచ్చేటాల్లకు నీళ్లు తక్వ కనవడాలెనట. విజిట్ అంటే గంతే గదా. మాకు ఖాకీ డ్రెస్ గూడ ఇచ్చిండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొలవబోయే నీళ్లనే తీసేస్తే ఇక కొలిచేదేమిటి? పెద్దసారుకు ఫిర్యాదు చేశాను. "మట్టం ఎంతుంటే అంత కొలవడమే మన పని, ఎందుకంత ఉందో మన పని కాదు" అన్నారాయన. (ఆయన ఆ కుర్చీలో అన్నేళ్లు ఎట్లా ఉన్నారో నాకు ఆ రోజు అర్థమైంది.) ఉపగ్రహం వచ్చే రోజున నేను స్వయంగా క్వారీ దగ్గరుండాలని రాత్రి బస్సెక్కి వచ్చేశాను.

వచ్చి చూస్తే పెళ్లివారు దిగే విడిదిలా ఉంది. గట్టు చుట్టూ రాళ్లన్నిటికీ సున్నం, దాని మీద జాజు పట్టీలు. పూలకుండీలు వరసగా. కార్మికులు నున్నగా తుడిచిన హెల్మెట్లు పెట్టుకుని రెండు వరసల్లో నిలబడ్డారు, అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. స్వాగతం బ్యానరు ఎక్కడా కనబడలేదు. ఈ ఒక్కటైనా మానుకున్నారనుకుంటూ ముందుకు అడుగేశాను. "అమ్మా, చూసుకోండి, తొక్కుతారు" అన్నాడు విజిట్ సారు. కిందికి చూస్తే బ్యానరు నా కాళ్ల ముందు నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బొగ్గుపెళ్లలు పెట్టి ఉంది. పైనుంచి వచ్చేవారు చదువుకోవడానికి వీలుగా అట్లా ఏర్పాటు చేశామని ఆయన చెప్పాడు. అక్షరాలు ఏ వైపు నుంచి చదివేలా ఉండాలో తేలక, అటు ఒకటి ఇటు ఒకటి రెండు బ్యానర్లు పరిపించాడట.

పది దాటింది. నేను చేతి గడియారం చూసి, "అయిపోయింది సార్, వెళ్లిపోయింది" అన్నాను.

"అప్పుడేనా? ఆగలేదా?"

"ఆగదు సార్."

"టిఫిను కూడా చెప్పామండీ" అన్నాడాయన, నిజంగా మనసు నొచ్చుకుని. (ఆ టిఫిను మేమే తిన్నాం. వడలు బాగున్నాయి.)

అక్కడి నుంచి అత్త ఇంటికి వెళ్లాను. వాకిలి అంతా సాన్పి చల్లి ముగ్గేసి ఉంది. లోపలికి అడుగుపెడితే ఇంట్లో ఎండ పడుతున్నది. తలెత్తి చూస్తే కప్పు మీద పెంకులు సగం లేవు. అత్త తడిసిన గచ్చు మధ్యలో, ఇటుకల మంచం మీద, పండుగ చీర కట్టుకుని పైకి చూస్తూ కూర్చుంది.

"చూసిందా బిడ్డ?" అంది.

"అత్తా, పెంకులేమైనయి?"

"నేనే తీయించిన. పెంకులడ్డముంటె లోపటి జాలు దానికెట్ల కనవడ్తది? క్వారీ కాడ సారు రాళ్లకు సున్నమేసి మాయ చేస్తాండని నీ బావ చెప్పిండు. మరి నా ఇల్లు గూడ చూడాలె గదా, రెండు దిక్కులది చూస్తెనే గదా న్యాయం."

అది ఫోటో తీయదని చెప్పడం మానుకుని బావను కేకేశాను. బావా నేనూ నిచ్చెన వేసి పెంకులు సర్దడం మొదలుపెట్టేసరికి మబ్బు పట్టింది. సగం కప్పేసరికి వాన దంచికొట్టింది. అప్పటిదాకా కిందనుంచే తడిసిన తూర్పు గోడ ఆ సాయంత్రం పైనుంచి కూడా తడిసింది. అత్త గోడకు అరచెయ్యి ఆనించి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూసి, "జర మెత్తగైంది" అంది. నాకు ఏడుపొచ్చింది. లోకానికి నీటిమట్టాలు చెప్పే విద్య నాది, మా అత్త గోడకు మాత్రం ఒక టార్పాలిను పట్టా కప్పలేకపోయాను.

లెక్క తేలింది. ఆఫీసులో తెర మీద చూసి నేనే నమ్మలేదు. క్వారీ నీటిమట్టం అత్త ఇంటి కప్పుకన్నా ఎత్తున ఉన్నట్టు వచ్చింది. మా ఆఫీసు తయారుచేసిన పటంలో మంచి మట్టాలకు పచ్చచుక్క, ప్రమాదమైతే ఎర్రచుక్క. పాత క్వారీ మీద దానిమ్మ గింజంత ఎర్రచుక్క పడింది. ఆ పటం హెడ్డాఫీసులో పెద్దాయన గదిలో గోడంత తెర మీద వెలుగుతుందట. ఆయన ప్రతి పొద్దునా కాఫీ తాగుతూ దాన్ని చూసి, పాత క్వారీ సంగతేమిటని అడగడం మొదలుపెట్టాడు. విజిట్ సారుకు నిద్ర కరువైంది. ఇంకో పంపు దించాడు. మళ్లీ ఉపగ్రహం వచ్చింది, మళ్లీ అదే అంకె. ఇంకో పంపు దించాడు. మళ్లీ అదే అంకె.

"ఎంత తోడినా తగ్గరేంటమ్మా వీరు?" అన్నాడు ఫోనులో. వీరు అంటే నీరు అని నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

నాకూ అనుమానం పుట్టి మళ్లీ వెళ్లి చూశాను. మొదటి విజిట్‌కు నీటి అంచున సున్నం వేసిన రాళ్లు ఇప్పుడు తలెత్తి చూడాల్సినంత పైన ఉన్నాయి. నీళ్లు అంత దిగిపోయాయి. అంకె మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. అంటే నా ఉపగ్రహం క్వారీని కొలవడమే లేదు. మరి దేన్ని కొలుస్తున్నదని గట్టు మీద నిలబడి చుట్టూ చూశాను. గుట్టల అవతల, కరెంటు స్టేషనువాళ్లు కాల్చిన బొగ్గు బూడిదను నీళ్లతో కలిపి వదిలే బూడిద చెరువు మెరుస్తూ కనబడింది. ఎత్తైన కట్టల మధ్య బూడిద నీళ్లు గాలికి కూడా కదలకుండా అద్దంలా పరుచుకుని ఉన్నాయి. రాడార్‌కు అద్దంలాంటి నీరంటే మహా మోజు. దారి నుంచి కాస్త పక్కన ఉన్నా, దాని జవాబే గట్టిగా వినబడుతుంది. గుట్టల మధ్య గొయ్యిలో ఉన్న మా క్వారీ గొంతు అందులో కలిసిపోయింది. ఇన్నాళ్లూ ఎర్రచుక్కగా వెలిగింది బూడిద చెరువు మట్టం. తీరాల్లో, లోతట్టు నీళ్లలో ఈ పొరపాటు జరగవచ్చని నా పాఠాల్లోనే ఉంది. పరీక్షలో దీనికి మార్కులు కూడా వచ్చాయి నాకు.

ఇంత గొప్ప సంగతి కనిపెట్టినదాన్ని ఊరుకుంటానా? మీటింగు పెట్టించాను. రంగురంగుల పటాలు వేసుకుని వెళ్లాను. విజిట్ సారు, ఆయన పైసారు, ఫోను స్పీకరులో మా పెద్దసారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "సార్, ఈ అంకె తప్పు. ఇది క్వారీ మట్టం కాదు, బూడిద చెరువుది. మీరు ఎంత తోడినా ఇది తగ్గదు."

అందరూ నా మొహంకేసే చూశారు. నా సైన్సుకు అబ్బురపడుతున్నారనుకున్నాను. ఆ తరువాత విజిట్ సారు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు చిన్నవారు. అంత ఎత్తున ఉన్నవారు తప్పు చెబుతారా? పైవారు ఎర్రచుక్క పెట్టారంటే మన దగ్గర ఏదో లోపం ఉన్నట్టే. అది సరిదిద్దుకోవాలి గాని, పైవారిదే తప్పనడం మన డిపార్టుమెంటులో లేదు" అన్నాడు. ఆయన పైసారు ఆ మాటకు తలూపాడు. స్పీకరులో మా పెద్దసారు, "నువ్వు చెప్పింది రాసి పంపించమ్మా" అన్నారు. రాసి పంపించాను. పూసగుచ్చినట్టు రాశాను. దాని మీద చివరికి వచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, పాత క్వారీకి మరొక పంపు మంజూరు.

అంత అవమానం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు. రోషంతో, కళ్లు తుడుచుకుంటూ, తిన్నగా అత్త ఇంటికి పోయాను. గుమ్మంలోనే చెప్పులు విడిచి, అలవాటుగా చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని లోపలికి అడుగేశాను. కాలికి నీళ్లు తగల్లేదు. గచ్చు పొడిగా ఉంది. మంచం నేల మీద ఉంది. ఇటుకలన్నీ వాకిట్లో ఎండకు పేర్చి ఉన్నాయి. తూర్పు గోడ మీద తడి మరక చుట్టూ ఆరి, తెల్లగా బూజు గీతలా మిగిలింది. అత్త నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించింది. గట్టిగా ఉంది.

"నీ శాటిలైటు మంచిగ కొలిచింది బిడ్డ" అంది.

"అది మన క్వారీని కొలువలేదత్తా. అటు బూడిద చెరువును కొలిచింది. మొత్తం తప్పు" అన్నాను ఏడుస్తూనే.

"ఏదో ఒకటి కొలిచింది గదా. ఇంతకుముందు ఎవ్వలు ఏది కొలువకపోతుండె. నువ్వెందుకు ఏడుస్తానవు? నా గోడ నిలవడ్డది" అంది అత్త. నాకు ఛాయి పెట్టి, అందులో బెల్లం కాస్త ఎక్కువే వేసింది. ఆ వానాకాలం గోడ కూలలేదు, ఆ తరువాతది కూడా దాటింది. వాగులో పారిన నీళ్లతో కిందిపల్లెవాళ్లు రెండో పంట కూడా వేసుకున్నారు. విజిట్ సారు ఎర్రచుక్కను పచ్చగా మార్చలేకపోయాననే బెంగతోనే రిటైరయ్యాడు. ఆయన తరువాత వచ్చినాయనకు ఛార్జితోపాటు ఆ బెంగ కూడా అప్పగించి వెళ్లాడు.

ఇప్పుడు నేను అదే ఆఫీసులో, పెద్దసారు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటున్నాను. ఆ ఉపగ్రహాన్ని ఈ మధ్య వేరే దారికి మార్చారు. పాత క్వారీ మీదికి అది ఇక రాదు. కొత్త కొలత రాని చోట పటం పాత చుక్కనే చూపిస్తుంది కాబట్టి ఎర్రచుక్క అట్లాగే వెలుగుతున్నది. ఆ సంగతి కూడా నేను రాసి పంపించాను. (జవాబుగా పటాన్ని శ్రద్ధగా చూస్తున్నందుకు అభినందనలు వచ్చాయి.) మొన్న బావ ఫోన్ చేశాడు. "మరదలా, కొత్త సారు అడుగుతాండు, శాటిలైటు మళ్లెప్పుడొస్తదట? రాళ్లకు సున్నమెయ్యాలెనట, పంపులన్ని నడుపాలెనట." నేను జవాబు చెప్పేలోపే అత్త ఫోను లాక్కుంది.

"బిడ్డ, అది ఇంక తిరుగుతాంది గదా?"

"తిరుగుతాంది అత్తా" అన్నాను. అది అబద్ధం కాదు, ఎక్కడో తిరుగుతూనే ఉంది.

"మరి మనదిక్కు వస్తదా?"

అక్షరం తప్పు చెప్పినా ఒప్పుకోని ఆ పాత పిల్ల, రంగురంగుల పటాలు చంకన పెట్టుకుని మీటింగులకు పరుగెత్తిన పిల్ల, ఎక్కడో లోపల నుంచి అత్తకు మొత్తం వివరించడానికి లేచి నిలబడింది. పాపం, ఆ పిల్లంటే ఇప్పటికీ నాకు ముద్దే. ఆమెను కూర్చోమని చెప్పి, "వస్తదత్తా, జల్దినే వస్తది. పంపులు బంద్ పెట్టద్దని బావకు చెప్పు" అన్నాను.

"అయితే వాకిలికి సాన్పి చల్లుత" అంది అత్త సంబరంగా.

"చల్లు. పెంకులు మాత్రం తీయకు" అన్నాను.